పోతన భాగవతంలో గర్భిణుల మనోవేదన – ఊరడింపు రీతులు: ఒంటిమిట్ట నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

గర్భిణి మనసు దిగులుపడితే కడుపులోని బిడ్డకు కీడు కలుగుతుందనే నమ్మకం తెలుగు సమాజంలో బలంగా ఉంది. ఈ నమ్మకానికి ఆధారంగా తరచూ ప్రహ్లాదచరిత్రను చూపుతారు. తల్లి విన్నదే బిడ్డకు అబ్బుతుంది కాబట్టి తల్లి ఎల్లవేళలా ప్రసన్నంగా ఉండి తీరాలన్నది ఈ వాదం సారాంశం. ఒంటిమిట్ట కోదండరామాలయంతో ముడిపడిన పోతన భాగవతంలోని లీలావతి, అదితి, దేవకి, దితి కథలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మొదటి ముగ్గురి విషయంలో మనోవేదనను భాగవతం తప్పుగా లెక్కించలేదని, దానిని తీర్చే బాధ్యతను చుట్టూ ఉన్నవారిపై ఉంచిందని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం. ఇందుకు భిన్నంగా కనిపించే దితి వృత్తాంతాన్ని కూడా చర్చించి, ఈ పఠనానికి గల పరిమితులను సూచించడం జరిగింది.

కీలకపదాలు: పోతన, భాగవతం, ఒంటిమిట్ట, గర్భిణి, మనోవేదన, దోహదం, లీలావతి, అదితి, దేవకి, దితి, పయోవ్రతం.

1. ఉపోద్ఘాతం

కడప నుంచి రాజంపేటకు వెళ్ళే దారిలో ఉన్న ఒంటిమిట్టకు ఏకశిలానగరమనే పేరు ఉంది. గర్భాలయంలోని సీతారామలక్ష్మణుల మూర్తులు ఒకే శిలలో మలచినవి కావడం ఈ పేరుకు కారణమని చెబుతారు. 15వ శతాబ్దికి చెందిన బమ్మెర పోతన ఇక్కడి కోదండరాముని సన్నిధిలో భాగవతాన్ని రచించి ఆ స్వామికే అంకితమిచ్చాడన్నది స్థానిక సంప్రదాయం. పోతన నివాసం ఓరుగల్లు ప్రాంతంలోని బమ్మెర అని వాదించే పండితులకూ, ఒంటిమిట్ట అని వాదించే పండితులకూ మధ్య చర్చ దీర్ఘకాలం సాగింది. ఆ వివాదంలో నిర్ణయం చేయడం ఈ వ్యాసం పరిధిలోనిది కాదు. పోతన ఎక్కడివాడైనా, ఒంటిమిట్ట ఆయనను తనవాడిగా నిలుపుకొన్నది. ఆలయంలో ఆయన విగ్రహం ఉన్నది. ఆంధ్రవాల్మీకిగా పేరుపొందిన వావిలికొలను సుబ్బారావు (1863–1936) టెంకాయచిప్ప చేతబట్టి విరాళాలు సేకరించి ఈ ఆలయాన్ని పునరుద్ధరించారు. రాష్ట్ర విభజన తరువాత 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శ్రీరామనవమి ఉత్సవాలను ఇక్కడ అధికారికంగా నిర్వహిస్తున్నది.

ఇటువంటి క్షేత్రం చుట్టూ ఉన్న సమాజంలో భాగవతం గ్రంథంగానే కాక, పెద్దలు చెప్పే మాటగా, పురాణ కాలక్షేపంగా, సామెతగా, హెచ్చరికగా కూడా బతుకుతుంది. గర్భిణికి చెప్పే సుద్దుల్లో ప్రహ్లాదుని పేరు వినిపించడం ఇందుకు ఒక ఉదాహరణ. “కడుపులో ఉన్నప్పుడే ప్రహ్లాదుడు నారాయణ మంత్రం విన్నాడు, కాబట్టి నువ్వు మంచి మాటలే వినాలి, ఏడవకూడదు, దిగులు పడకూడదు” అన్నది ఆ సుద్దుల ధోరణి. చెప్పేవారి ఉద్దేశం మంచిదే. అయితే, దిగులు పడకూడదని తెలిసిన తరువాత కూడా దిగులు కలిగిన స్త్రీ పరిస్థితి ఏమిటన్న ప్రశ్నకు ఈ సుద్దిలో జవాబు లేదు. అప్పటిదాకా ఉన్న దిగులుకు, దిగులుపడి బిడ్డకు హాని చేస్తున్నానన్న అపరాధభావం తోడవుతుంది. ఇటీవల గర్భసంస్కారం పేరుతో వెలువడుతున్న పుస్తకాలు, సాగుతున్న తరగతులు ఈ ధోరణికి కొత్త ప్రచారం కల్పించాయి. ఈ నేపథ్యంలో భాగవతం నిజంగా ఏమి చెప్పిందో పరిశీలించవలసిన అవసరం ఉంది.

పోతన భాగవతంగా వ్యవహరించే గ్రంథంలో పంచమస్కంధం గంగన, షష్ఠస్కంధం సింగన, ఏకాదశ ద్వాదశ స్కంధాలు నారయ రచించినవి. ఈ వ్యాసంలో చర్చించే లీలావతి కథ సప్తమస్కంధంలోనిది, అదితి కథ అష్టమస్కంధంలోనిది, దేవకి కథ దశమస్కంధంలోనిది. ఈ మూడూ పోతన రచనలే. దితి కథ రెండు చోట్ల వస్తుంది. తృతీయస్కంధంలోనిది పోతనది, షష్ఠస్కంధంలోనిది సింగనది. కథాంశాల విషయంలో సంస్కృత మూలాన్ని కూడా పోల్చి చూడడం జరిగింది.

2. దోహదం: ఒక మాట చెప్పే చరిత్ర

కథలలోకి వెళ్ళే ముందు ఒక పదాన్ని గమనించాలి. నేటి తెలుగులో ‘దోహదం’ అంటే తోడ్పాటు. ‘అభివృద్ధికి దోహదపడింది’ అని పత్రికలు రాస్తాయి. ఈ పదానికి పూర్వార్థం గర్భిణి కోరిక. సుశ్రుతసంహిత శారీరస్థానం నాలుగో నెలలో గర్భస్థ శిశువుకు హృదయం వ్యక్తమవుతుందని, అప్పుడు తల్లి రెండు హృదయాలు కలది అవుతుందని, అందుచేత ఆమెను దౌహృదిని అంటారని వివరిస్తుంది. ఆమె కోరినది సమకూర్చాలని విధిస్తుంది. కోరిక తీరకపోతే బిడ్డకు వైకల్యం కలుగుతుందని హెచ్చరిస్తుంది. ఆ వైద్య సిద్ధాంతం నేటి శాస్త్రానికి నిలవదు. కాని, ఆ హెచ్చరిక ఎవరిని ఉద్దేశించినదో గమనించాలి. కోరిక కోరేది గర్భిణి అయితే, తీర్చవలసినవారు ఇంటివారు. విఫలమైతే తప్పు వారిది.

కాళిదాసు రఘువంశం తృతీయసర్గలో గర్భవతి అయిన సుదక్షిణ సిగ్గువల్ల తన కోరిక చెప్పదేమోనని దిలీపుడు ఆమె చెలికత్తెలను మాటిమాటికి అడుగుతాడు. దోహదధర్మానికి ఇది ఆదర్శరూపం. దీనికి విపర్యయం రామాయణ ఉత్తరకాండలో ఉంది. గర్భవతి అయిన సీత మునుల ఆశ్రమాలు చూడాలని కోరుతుంది. ఆ కోరికే ఆమెను అడవిలో విడిచివచ్చేందుకు సాకు అవుతుంది. దోహదం తీర్చడం పేరిట దోహదధర్మాన్ని భంగపరచిన ఘట్టమిది. అక్కడ సీతను ఆదుకొన్నది వాల్మీకి ఆశ్రమం.

గర్భిణి కోరిక అనే అర్థం నుంచి తోడ్పాటు అనే అర్థానికి పదం జరిగిన తీరులోనే ఒక సాంస్కృతిక అవగాహన దాగి ఉన్నదని భావించవచ్చు. కోరికకూ దానిని తీర్చే సహాయానికీ మధ్య దూరం లేదని భాష గుర్తుపెట్టుకొన్నది. చరకసంహిత గర్భధారణకు తోడ్పడేవాటిలో మనఃప్రసన్నతను శ్రేష్ఠమైనదిగా పేర్కొన్నది. ఆ ప్రసన్నత గర్భిణి తనంతట తాను తెచ్చుకోవలసినదా, ఇతరులు ఆమెకు కల్పించవలసినదా అన్నదే అసలు ప్రశ్న. భాగవత కథలు ఈ ప్రశ్నకు స్పష్టమైన జవాబు ఇస్తాయి.

3. లీలావతి: భర్త దూరాన ఉన్న గర్భిణి

3.1 ఏడుపు – ఆశ్రయం

సంస్కృత భాగవతంలో కయాధువు అనే పేరున్న ప్రహ్లాదుని తల్లి తెలుగువారికి లీలావతిగా పరిచితురాలు. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’లో సురభి కమలాబాయి ఈ పాత్రను ధరించారు. రంగస్థలంపైనా వెండితెరపైనా లీలావతి అంటే కొడుకు కోసం భర్తకు, కన్నీళ్ళకు మధ్య నలిగే తల్లి. ఆమె కన్నీళ్ళు కొడుకు పుట్టకముందే మొదలయ్యాయన్న సంగతిని సప్తమస్కంధం చెబుతుంది.

తోటి దానవ బాలురు ప్రహ్లాదుని ఒక ప్రశ్న అడుగుతారు. అంతఃపురంలో పెరిగిన నీకు నారదుని దర్శనం ఎలా కలిగిందన్నది ఆ ప్రశ్న. ప్రహ్లాదుడు తన పుట్టుకకు ముందరి కథ చెబుతాడు. హిరణ్యకశిపుడు మందరాద్రికి తపస్సుకు వెళ్ళిన సమయంలో దేవతలు దండెత్తి రాజధానిని కొల్లగొట్టారు. నిండు గర్భిణి అయిన రాణిని ఇంద్రుడు పట్టుకొనిపోయాడు. భయంతో వణుకుతూ, లకుముకి పిట్టవలె ఆక్రోశిస్తున్న ఆమెను దారిలో నారదుడు చూశాడు. పరాయి భార్య అయిన సాధ్విని విడిచిపెట్టమని ఇంద్రుని ఆదేశించాడు. బిడ్డ పుట్టగానే చంపి ఆమెను విడిచిపెడతానని ఇంద్రుడు చెప్పినా నారదుడు అంగీకరించలేదు.

ఈ ఘట్టంలో నారదుని చర్యల వరుసను గమనించడం విమర్శకు కీలకం. ఆయన ముందుగా ఆపద తొలగించాడు. తరువాత ఆమెను తన ఆశ్రమానికి తీసుకువెళ్ళి, భర్త తపస్సు నుంచి మరలివచ్చేదాకా అక్కడ ఉండవచ్చునని చెప్పి ధైర్యమిచ్చాడు. ఉపదేశం ఆ తరువాతిది. భయంతో ఏడుస్తున్న స్త్రీకి దారిలోనే జ్ఞానబోధ చేయలేదు. ఏడవవద్దని, ఏడిస్తే బిడ్డకు కీడని హెచ్చరించలేదు. ఆశ్రయం, భద్రత, గడువు తెలిసిన నిరీక్షణ లభించిన తరువాతనే ధర్మతత్త్వాన్ని, జ్ఞానాన్ని బోధించాడు.

ఆశ్రమంలో లీలావతి తన గర్భక్షేమం కోరి మునికి పరిచర్య చేసింది. మూలంలో ఇక్కడ ‘ఇచ్ఛాప్రసూతి’ అన్న భావన వస్తుంది. తాను కోరుకొన్నప్పుడు ప్రసవించడం దీని అర్థం. తన శరీరంపై, తన బిడ్డపై ఇతరులు నిర్ణయాలు తీసుకొన్న స్త్రీకి ప్రసవ సమయాన్ని నిర్ణయించుకొనే స్వేచ్ఛ లభించడం ఈ కథలో చిన్న విషయం కాదు. రాణిని ఇంద్రుడు పట్టుకొన్నది ఆమె కడుపు కోసం. నారదుడు చేరదీసింది ఆమె కోసం. ఈ తేడాయే ఘట్టానికి ప్రాణం.

3.2 మరచిన తల్లి

ప్రహ్లాదుని కథనంలో అందరూ ఉదాహరించే అంశం గర్భంలో విన్న ఉపదేశం. అంతగా ఉదాహరించని అంశం దాని తరువాతి వాక్యంలో ఉంది. కాలం చాలా గడవడంవల్ల, స్త్రీ కావడంవల్ల తల్లి ఆ ఉపదేశాన్ని మరచిపోయిందని, ముని అనుగ్రహంవల్ల తనకు మాత్రం ఆ స్మృతి తొలగిపోలేదని ప్రహ్లాదుడు చెబుతాడు. స్త్రీత్వాన్ని మరపుకు కారణంగా చూపడం నాటి సమాజపు పక్షపాతం. దానిని సమర్థించవలసిన పని లేదు. అయితే, ఆ మాటను పక్కన ఉంచి చూసినా కథలోని తర్కం మిగులుతుంది.

తల్లి మనఃస్థితే బిడ్డను తీర్చిదిద్దుతుందన్నది భాగవత సిద్ధాంతమైతే, భయంతో ఆక్రోశించిన, ఆపైన విన్నదంతా మరచిన తల్లికి ప్రహ్లాదుడు పుట్టకూడదు. బిడ్డ జ్ఞానానికి కారణం ముని అనుగ్రహమని ప్రహ్లాదుడే చెబుతున్నాడు. తల్లి దుఃఖం బిడ్డను చెరచలేదు. తల్లి మరపు బిడ్డ స్మృతిని చెరపలేదు. గర్భిణి ఏడవకూడదనే హెచ్చరికకు ప్రమాణంగా చూపే కథ, శ్రద్ధగా చదివితే, ఏడ్చిన తల్లికి కూడా ప్రహ్లాదుడు పుట్టగలడన్న ఊరటగా మారుతుంది.

ఇటువంటి స్థితే అభిమన్యుని కథకూ పట్టింది. సుభద్ర నిద్రపోవడంవల్ల గర్భస్థుడైన అభిమన్యుడు పద్మవ్యూహం నుంచి బయటపడే ఉపాయం వినలేకపోయాడని లోకంలో చెప్పుకొంటారు. వ్యాసభారతం ద్రోణపర్వంలో తండ్రి తనకు వ్యూహం ఛేదించి ప్రవేశించడమే నేర్పాడని అభిమన్యుడు ధర్మరాజుతో చెబుతాడు. తల్లి నిద్ర ప్రసక్తి అక్కడ లేదు. తండ్రి నేర్పని విద్య లోకకథలో తల్లి నిద్రపై మోపిన నేరమైంది. మూలగ్రంథం మోపని బాధ్యతను ప్రచారం తల్లిపై మోపే పద్ధతికి ఇది మరొక తార్కాణం.

4. అదితి: పలకరింపు, పన్నెండు రోజుల పని

అష్టమస్కంధంలోని అదితి గర్భం ధరించకముందే దుఃఖంలో ఉన్నది. బలిచక్రవర్తి స్వర్గాన్ని ఆక్రమించగా ఆమె కుమారులు స్థానభ్రష్టులయ్యారు. సమాధి నుంచి లేచి వచ్చిన కశ్యపునికి ఆశ్రమం కళ తప్పి కనిపిస్తుంది. ఆయన భార్యను వరుసగా ప్రశ్నలు అడుగుతాడు. ధర్మానికి లోపం కలిగిందా, అతిథులు ఆదరణ లేక వెనుదిరిగారా, అగ్నికార్యం తప్పిందా, బిడ్డలు క్షేమమేనా అన్నవి ఆ ప్రశ్నలు. ఆమె మనసు స్వస్థంగా లేదని లక్షణాలనుబట్టి తనకు తెలుస్తున్నదని కూడా చెబుతాడు.

ఈ ప్రశ్నల్లో గృహిణి విధులను ఆరా తీసే ధోరణి ఉన్నది నిజమే. అదితి జవాబు అందుకే ముఖ్యం. ఇంటి ధర్మం ఏదీ తప్పలేదని ఆమె చెబుతుంది. అన్నీ సక్రమంగా నడుస్తున్నా మనసు బాగులేని స్థితి ఇది. ‘నీకేం తక్కువ’ అనే ప్రశ్నకు లొంగని దుఃఖం ఇది. కశ్యపుడు ఆమె మాటను నమ్ముతాడు. మొదట వైరాగ్యపు మాటలు చెప్పినా వాటితో ఆగిపోడు. ఆమె చేయగలిగిన పని ఒకటి చెబుతాడు. అదే పయోవ్రతం.

పయోవ్రత విధానంలోని అంశాలను ధార్మిక దృష్టితో పాటు మనస్సంబంధమైన దృష్టితోనూ చూడవచ్చు. మొదటిది గడువు. ఫాల్గుణ శుక్ల పాడ్యమి మొదలుకొని పన్నెండు రోజుల వ్రతమిది. దుఃఖానికి కనిపించని అంతు, వ్రతానికి కనిపిస్తుంది. రెండవది దినచర్య. స్నానం, అర్చన, హోమం, మితాహారం ఒక క్రమంలో సాగుతాయి. మూడవది సంగీతం. గీతవాద్యాలతో, నృత్యంతో కూడిన ఉత్సవంగా వ్రతాన్ని నిర్వహించాలని మూలం చెబుతుంది. నాల్గవది అన్నదానం. దీనులు, అంధులు మొదలుకొని అందరూ తిన్న తరువాత బంధువులతో కలిసి భుజించాలి. ఒంటరిగా కుమిలిపోతున్న స్త్రీ చుట్టూ పన్నెండు రోజులపాటు మనుషులు చేరుతారు.

ఇందులో సంతోషంగా ఉండాలన్న ఆజ్ఞ ఎక్కడా లేదు. చేయవలసినవి చేతలే. మనసు కుదుటపడడం ఆ చేతల వెంట వస్తుంది. కుంగుబాటుకు నేటి మనోవైద్యం సూచించే మార్గాల్లో చిన్నచిన్న పనులను క్రమంగా దినచర్యలోకి తేవడం, మనుషులతో కలవడం ముఖ్యమైనవి. రెండు సంప్రదాయాల ప్రయోజనాలు వేరైనా, దిగులుపడిన మనిషిని మాటలతో కాక పనితో, తోడుతో నిలబెట్టాలన్న అవగాహన రెండింటా కనిపిస్తుంది. పయోవ్రతం గర్భం ధరించడానికి ముందరిదని ఇక్కడ గుర్తుంచుకోవాలి. పాలతోనే గడిపే ఆ ఆహార నియమాన్ని గర్భిణులకు వర్తింపజేయడం కథకు విరుద్ధం, ఆరోగ్యానికీ విరుద్ధం.

5. దేవకి: హర్షశోకాలు కలిసిన గర్భం

ఆరుగురు బిడ్డలను పుట్టగానే పోగొట్టుకొన్న దేవకి కథలో గర్భధారణ మొత్తంగా శోకంతో ముడిపడింది. ఏడవ గర్భం ఆమెకు సంతోషాన్ని, శోకాన్ని రెండింటినీ పెంచేదిగా ఉన్నదని భాగవతం చెబుతుంది. బిడ్డ కోసం ఎదురుచూసే స్త్రీ మనసును ఇంతకంటె క్లుప్తంగా చెప్పడం కష్టం. గర్భమంటే కేవలం ఆనందమేనన్న లోకపు మాటను భాగవతం అంగీకరించలేదు. ఒకే కడుపు రెండు భావాలకూ చోటివ్వగలదని గుర్తించింది. ఆ ఏడవ గర్భం రోహిణికి చేరినప్పుడు దేవకికి గర్భస్రావమైందని పురజనులు వాపోతారు. ఆమె దుఃఖం ఊరి దుఃఖమైంది.

ఎనిమిదవ గర్భంతో చెరలో ఉన్నప్పుడు బ్రహ్మాది దేవతలు వచ్చి గర్భస్థుడైన విష్ణువును స్తుతిస్తారు. స్తుతి ముగించే ముందు వారు దేవకివైపు తిరిగి, ఆమెను తల్లీ అని సంబోధించి, కంసుని గురించి భయపడవద్దని ధైర్యం చెబుతారు. బిడ్డను పొగడడంతో వారి పని ముగియలేదు. కడుపును మోస్తున్న మనిషిని కూడా పలకరించారు. బిడ్డపైనే అందరి దృష్టీ నిలిచే సందర్భంలో తల్లిని వేరుగా పలకరించడం ఈ ఘట్టంలోని సూక్ష్మమైన ఔచిత్యం.

శ్రీకృష్ణుడు చతుర్భుజాలతో సాక్షాత్కరించిన తరువాత కూడా దేవకి భయం పోలేదు. కంసుని తలచుకొని తన మనసు చలిస్తున్నదని, ఆ దివ్యరూపాన్ని ఉపసంహరించుకొమ్మని ఆమె ప్రార్థిస్తుంది. విశ్వాసం ఉన్నచోట భయం ఉండకూడదన్న వాదానికి ఇది గట్టి సమాధానం. దేవుణ్ణి కళ్ళారా చూసిన తల్లి కూడా భయపడింది. ఆయన ఆమెను మందలించలేదు. పూర్వజన్మల కథ చెప్పి ఊరడించి, కోరినట్లే సామాన్య శిశువుగా మారాడు. ‘భక్తి ఉంటే దిగులెందుకు’ అని గర్భిణిని నిలదీసేవారికి దశమస్కంధం తోడ్పడదు.

6. దితి: ఈ పఠనానికి ప్రతివాదం

పై మూడు కథలకు భిన్నమైన స్వరం దితి కథలో వినిపిస్తుంది. దానిని దాటవేస్తే ఈ పరిశీలన ఏకపక్షమవుతుంది. తృతీయస్కంధంలో దితి సంధ్యాసమయంలో సంతానకాంక్షతో భర్తను నిర్బంధిస్తుంది. ఆ వేళ తగదని చెప్పిన కశ్యపుడు తరువాత ఆమెకు లోకకంటకులైన కొడుకులు పుడతారని చెబుతాడు. తన బిడ్డలవల్ల దేవతలకు కలిగే బాధను శంకిస్తూ దితి నూరేళ్ళు గర్భం మోస్తుంది. ఇక్కడ తల్లి తప్పిదమే బిడ్డల స్వభావానికి కారణంగా చెప్పబడింది. ప్రసవాన్ని భయం ఆలస్యం చేసిన కథ ఇది.

షష్ఠస్కంధంలో దితి మరింత దుఃఖంలో ఉంటుంది. ఇద్దరు కొడుకులూ హతులయ్యారు. ఇంద్రుని చంపగల కొడుకును కోరి ఏడాదిపాటు కఠిననియమాలతో పుంసవనవ్రతం పూనుతుంది. పరిచర్య నెపంతో చేరిన ఇంద్రుడు ఆమె పొరపాటు కోసం కాచుకొంటాడు. ఒకనాటి సంధ్యవేళ ఆమె నోరు పుక్కిలించకుండా, కాళ్ళు కడుగుకోకుండా నిద్రపోతుంది. ఇంద్రుడు గర్భంలో ప్రవేశించి పిండాన్ని నలభై తొమ్మిది ముక్కలు చేస్తాడు. వారే మరుత్తులు.

గర్భిణి చిన్న పొరపాటుకు పెద్ద శిక్ష ఉంటుందన్న భయానికి ఈ కథ మూలాధారంగా నిలవగలదు. వ్రతం లక్ష్యం మగబిడ్డ కావడం కూడా విస్మరించదగినది కాదు. కొడుకే పుట్టాలన్న ఒత్తిడి నేటికీ గర్భిణుల దిగులుకు ఒక ప్రధాన కారణం. ఆ ఒత్తిడికి పురాణం ఇచ్చిన మద్దతును విమర్శకులు గుర్తించక తప్పదు.

అయినా ఈ కథలోనే దాని విమర్శ కూడా ఉంది. దితి నిద్రపోయింది అలక్ష్యంవల్ల కాదు, వ్రతంతో కృశించి అలసిపోవడంవల్ల అని మూలం స్పష్టం చేస్తుంది. నియమాల భారమే నియమభంగానికి కారణమైంది. మితిమీరిన నియమాలు గర్భిణిని ఎక్కడికి చేరుస్తాయో ఇంతకంటె బాగా చెప్పలేము. కథ ముగింపులో పిండం నశించదు. బిడ్డలు దేవతలవుతారు. తప్పు చేసినవాడు ఇంద్రుడు, ఒప్పుకొన్నవాడూ ఇంద్రుడే. దితి ఆగ్రహం చల్లారి శాంతిస్తుంది. ఆశ్రమంలో నారదుడు చేసినది రక్షణ అయితే, పరిచర్య పేరుతో ఇంద్రుడు చేసినది నిఘా. గర్భిణి పక్కన చేరేవారు ఈ ఇద్దరిలో ఎవరి పాత్ర పోషిస్తున్నారన్న ప్రశ్నను రెండు కథలూ కలిసి లేవనెత్తుతాయి.

7. నేటి సందర్భం

ప్రపంచ ఆరోగ్య సంస్థ గణాంకాల ప్రకారం ప్రపంచవ్యాప్తంగా గర్భిణుల్లో సుమారు 10 శాతం, బాలింతల్లో సుమారు 13 శాతం మంది మానసిక రుగ్మతకు, ముఖ్యంగా కుంగుబాటుకు లోనవుతున్నారు. వర్ధమాన దేశాల్లో ఈ సంఖ్యలు వరుసగా 15.6, 19.8 శాతం. దిగులు అరుదైన స్వభావదోషం కాదని, సామాన్యంగా కనిపించే ఆరోగ్య సమస్య అని ఈ అంకెలు చెబుతున్నాయి.

ఒంటిమిట్ట, రాజంపేట ప్రాంతంతో సహా కడప సీమ నుంచి బతుకుతెరువు కోసం కువైట్ తదితర గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళినవారు ఎందరో ఉన్నారు. వానపై ఆధారపడిన మెట్టసేద్యం, అప్పులు ఈ వలసకు వెనుక ఉన్న కారణాల్లో కొన్ని. భర్త దూరదేశంలో ఉండగా ఇక్కడ కాన్పుకు సిద్ధమయ్యే స్త్రీకి లీలావతి కథ పురాణకథగా మాత్రమే మిగలదు. భర్త తిరిగి వచ్చేదాకా ఇక్కడ ఉండమన్న నారదుని మాటలోని విలువ అటువంటి స్త్రీకి ఎవరూ వివరించనక్కరలేదు. తొలికాన్పుకు కూతురిని పుట్టింటికి తీసుకురావడం, సీమంతంలో ముత్తైదువులు చేరి గాజులు తొడగడం వంటి ఆచారాల అంతరార్థం కూడా ఆశ్రయం, తోడు, పలకరింపే. ఈ వేడుకలు కానుకల లెక్కగా, ఖర్చుల పోటీగా, మగబిడ్డ దీవెనగా కుదించుకుపోయినచోట అవి ఊరడింపుగా కాక మరొక ఒత్తిడిగా మారుతున్నాయి.

తోడు అనే ఈ సూత్రానికి ఆధునిక పరిశోధన నుంచి కూడా బలం లభిస్తున్నది. పాకిస్తాన్‌లోని రావల్పిండి గ్రామీణ ప్రాంతంలో కుంగుబాటుతో ఉన్న గర్భిణులను స్థానిక మహిళా ఆరోగ్య కార్యకర్తలు శిక్షణ పొంది ఇళ్ళకు వెళ్ళి పలకరించి, ఆలోచనలను, దినచర్యను చక్కదిద్దుకోవడంలో తోడ్పడ్డారు. 2008లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో కాన్పు తరువాత ఆరు నెలలకు కుంగుబాటుతో ఉన్నవారు ఈ వర్గంలో 23 శాతం కాగా, ఈ పద్ధతి లేని వర్గంలో 53 శాతం. ఈ విధానాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో కరదీపికగా వెలువరించింది. గ్రామంలోని ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ కార్యకర్త ప్రతి గర్భిణి బరువును, రక్తహీనతను గమనించినట్లే మనసును కూడా విచారించగలిగితే, అది కశ్యపుడు అదితిని విచారించిన పద్ధతికి నేటి రూపమవుతుంది.

సాహిత్య పఠనం చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు. రెండు వారాలకు మించి వదలని దిగులు, నిద్రాహారాలు తప్పడం, బతుకుపై విరక్తి వంటి లక్షణాలు ఉంటే వైద్యుని సంప్రదించాలి. 2022 అక్టోబరులో భారత ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 సంఖ్యలో ఉచితంగా అందుబాటులో ఉన్నది. పురాణకథ చేయగలిగిన పని వేరు. సహాయం అడగడం తప్పు కాదన్న ధైర్యాన్ని, గర్భిణి నమ్మే భాషలోనే, ఆమె నమ్మే కథతోనే ఇవ్వగలదు.

8. ముగింపు

పై పరిశీలన ద్వారా కింది అంశాలు తేలుతున్నాయి.

• గర్భిణి దిగులు బిడ్డకు కీడన్న హెచ్చరికకు ప్రహ్లాదచరిత్ర ప్రమాణం కాజాలదు. ఏడ్చిన, మరచిన తల్లికే ప్రహ్లాదుడు పుట్టాడని, జ్ఞానానికి కారణం ముని అనుగ్రహమని ఆ కథే చెబుతున్నది.

• లీలావతికి ఆశ్రయం, అదితికి పలకరింపుతో కూడిన పని, దేవకికి నేరుగా ధైర్యవచనం ఊరడింపు మార్గాలుగా నిలిచాయి. మూడింటా బాధ్యత చుట్టూ ఉన్నవారిది.

• దేవకి కథ గర్భధారణలో హర్షశోకాలు కలిసి ఉండగలవని, విశ్వాసమున్నా భయం ఉండవచ్చునని అంగీకరిస్తుంది.

• దితి కథలో తల్లిపై నెపం మోపే ధోరణి, పుత్రకాంక్ష బలంగా ఉన్నాయి. వాటిని విమర్శనాత్మకంగానే స్వీకరించాలి. అయితే, మితిమీరిన నియమభారమే భంగానికి దారితీస్తుందన్న ఎరుక కూడా ఆ కథలోనే ఉన్నది.

• ‘దోహదం’ అనే పదం గర్భిణి కోరిక నుంచి తోడ్పాటుగా మారిన తీరు ఈ కథల సారాన్ని ఒక్క మాటలో నిలుపుతుంది.

ఒంటిమిట్ట పోతనను తనవాడిగా చెప్పుకొంటున్నది. ఆ వారసత్వం విగ్రహానికీ ఉత్సవానికీ పరిమితం కాకుండా ఇంటింటా కాన్పుకు సిద్ధమవుతున్న స్త్రీలకు చేరాలంటే, వారికి చెప్పే ప్రహ్లాదకథ మారనక్కరలేదు. ఆ కథను పూర్తిగా చెబితే చాలు. నారాయణ మంత్రం విన్న బిడ్డతో పాటు, దారిలో ఏడ్చిన తల్లిని, ఆమెను ఏమీ అనకుండా ముందుగా ఇంత చోటిచ్చిన మునిని కూడా చెప్పాలి.